చుక్క తరవాత పేరు

కూర్మన్నపాలెం,
జూన్ 2, 2025.

మావయ్యకి,

కోపంగా ఉన్నాను, అయినా నమస్కారం.

ఈ ఉత్తరం అమ్మ ఆర్డరు. నిన్న మనిద్దరం ఫోన్లో అరుచుకుంటుంటే నాన్న టీవీ కట్టేసి వినడం మొదలుపెట్టారు. అమ్మ వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుంది. "అన్నయ్యతో ఆఫీసు గొడవలు ఇకమీదట కాగితం మీద పెట్టుకో. కాగితం మీద ఎవరూ అరవలేరు" అంది. అరవలేరో లేదో చూద్దాం. మన శాంపిళ్ళ వ్యాను రోజూ మీ భీమిలి ఫ్యాక్టరీకీ మా హెడ్డాఫీసుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. డ్రైవర్ చంటి చేతికిస్తే సాయంత్రానికల్లా నీ బల్ల మీద ఉంటుంది.

నిన్న నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు కాబట్టి మొదటినుంచీ చెప్తాను. రొయ్యల బల్లల దగ్గర పనిచేసే నలభై మంది ఆడ మేస్త్రీలకి కొత్తగా ఐడీలు ఇచ్చాం. ఏ బల్ల మీద ఏ సరుకు పోయిందో వాళ్ళే కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ ఐడీలు ఎలా పెట్టాలా అని నేను రెండు వారాలు జుట్టు పీక్కున్నాను. ఉత్త పేరు పెడదామంటే అందరూ చిట్టమ్మలు, పైడితల్లులు. ఇంటిపేరు కలుపుదామంటే సగం జాలర్ల పేటది ఒకటే ఇంటిపేరు. చివరికి రిజిస్టర్లో "తండ్రి లేక భర్త పేరు" అనే గడి కనపడింది. మనిషి పేరు, ఒక చుక్క, చుక్క తరవాత ఆ గడిలో ఉన్న పేరు. చిట్టమ్మ చుక్క వీరన్న. ఎవరికీ ఎవరితోనూ కలవలేదు. మా మేనేజర్ కృష్ణంరాజు గారు "శభాష్" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఆఫీసులో ఎవరూ వినలేదట.

ఇప్పుడు చూడు. మీవాళ్ళ చేతులు ఐసు నీళ్ళలో నాని ఉంటాయి కాబట్టి పాస్‌వర్డు తప్పు పడి ఖాతాకి తాళం పడుతుంది. అప్పుడు మాకు ఫోన్ చేసి ఐడీ చెప్తే తాళం తీస్తాం. "అమ్మా, మీ ఐడీ చెప్పండి" అంటాను. అవతల నిశ్శబ్దం. మళ్ళీ అడుగుతాను. గుసగుసలు. తరవాత ఇంకో గొంతు వచ్చి "ఆవిడది చిట్టమ్మ చుక్క వీరన్న అండి" అంటుంది. మీరెవరమ్మా అంటే "పక్క బల్ల" అని పెట్టేస్తుంది!

ఒకరి ఐడీ ఇంకొకరు చెప్తే మా దగ్గర అది తప్పు కింద రాసుకుంటారు. మిగతా వాళ్ళ సంగతి అలా ఉంచు. చిట్టమ్మ గారిని జులై నుంచి షిఫ్టు ఇన్‌ఛార్జిని చెయ్యాలని పేరు పంపింది నువ్వే. ఆవిడ మీద ఇప్పటికే మూడు తప్పులు పడ్డాయి. "సొంత ఐడీ నోటికి రాని మనిషికి షిఫ్టు ఎలా ఇస్తాం?" అని కృష్ణంరాజు గారు ఫైలు పక్కన పెట్టేశారు. ఇంకొక్కసారి జరిగితే ఆ పోస్టు పోయినట్టే.

కాబట్టి దయచేసి, మావయ్యా, వాళ్ళ ఐడీలు వాళ్ళకి నేర్పించు. ఒక్క పూట చాలు.

బిందు


భీమిలి,
జూన్ 5.

మేనకోడలికి మేనమామ ఆశీస్సులు. నువ్వు కోపంగా ఉంటే నేనేం శాంతంగా లేను.

నేర్పించమంటావా? చిట్టమ్మకా? రొయ్య చేత్తో పట్టుకుంటే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేసే మనిషి. నీ ఐడీ గుర్తుండక నోరు మూసుకుందనుకున్నావా? ఇరవయ్యేళ్ళనుంచి ఈ గేటు దగ్గర హాజరు చూస్తున్నాను. నా మనుషులకి చదువు రాదని హెడ్డాఫీసు వాళ్ళు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందులోనూ నా చెల్లెలి కూతురు అంటే మరీ.

తప్పంతా నీ చుక్క తరవాత ఉంది. ఆ మొగుళ్ళ పేర్లు అందులో ఎందుకు దూర్చావు? ఏ ఆడదైనా దానికి ఒప్పుకుంటుందా? నాకైతే నువ్వు పెట్టిన రోజే అనుమానం వచ్చింది, కానీ కంప్యూటర్ల సంగతి మనకెందుకులే అని ఊరుకున్నాను. ఆ రెండో సగం పీకి పారెయ్యి, అంతా సర్దుకుంటుంది. ఇంతకంటే విడమరిచి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. మీ అమ్మనడుగు, చెప్తుంది.

వేట నిషేధం ఇంకా అయిపోలేదు, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేపలు తినక నీ అత్తయ్య కూడా నా మీద విసుక్కుంటోంది. అందరి విసుగూ నా నెత్తినే.

మావయ్య


కూర్మన్నపాలెం,
జూన్ 16.

మావయ్యా,

ఈసారి నమస్కారం మనస్ఫూర్తిగానే. నీ ఉత్తరం చదివాక నా కళ్ళు తెరుచుకున్నాయి. అమ్మని అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. నేనూ ఆడదాన్నే కదా, అర్థం చేసుకోలేనా?

ఎండనక వాననక వాళ్ళు కష్టపడుతుంటే, ఐడీలో కూడా మొగుడి పేరు తగిలించడం ఏం న్యాయం? వాళ్ళకి ఇష్టం లేకపోవడంలో తప్పేముంది? ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో మనకేం తెలుసు? అంత కష్టం కడుపులో పెట్టుకుని ఫోన్లో నిశ్శబ్దంగా ఉండిపోయారంటే నాకు ఏడుపొచ్చింది. చిట్టమ్మ గారిమీద తప్పు రాసింది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెంటనే కృష్ణంరాజు గారి దగ్గరికి వెళ్ళి గట్టిగా మాట్లాడాను. ఆయన ఒక పట్టాన ఒప్పుకోలేదు. రికార్డుల్లోంచి భర్త పేరు తియ్యాలంటే ఆధారం ఉండాలట. విడాకులైతే కోర్టు కాగితం, చనిపోతే మరణ ధ్రువపత్రం. అదొక్కటే నాకు నచ్చలేదు గానీ, అసలు ఒప్పుకోవడమే గొప్ప అనుకుని నోటీసు తయారుచేశాను. భర్త పేరు తీయించుకోదలచిన వాళ్ళ పేర్ల వరసలో చిట్టమ్మ గారిదే మొదట పెట్టాను, ఆవిడ పని ముందు అవ్వాలని. చంటి చేత పంపుతున్నాను. గేటు దగ్గర అందరికీ కనపడేలా అంటించు.

చూశావా, కాగితం మీద మనిద్దరికీ ఎంత బాగా కుదిరిందో. అమ్మ మాట నిజమే.

నీ మేనకోడలు


భీమిలి,
జూన్ 19.

బిందూ,

ఆశీస్సులు తరవాత. ముందు ఏం చేశావో విను.

నీ నోటీసు వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. మోకాలి నొప్పికి కేజీహెచ్ ఆస్పత్రిలో చూపించుకుందామని వెళ్ళాను. మన వాచ్‌మన్ హెడ్డాఫీసు ముద్ర చూడగానే భక్తిగా గేటుకి అంటించేశాడు. నేను తిరిగొచ్చేసరికి పేట పేటంతా గేటు ముందుంది. "భర్త పేరు తీయించుకోదలచినవారు: 1. చిట్టమ్మ." కింద కోర్టు కాగితం, మరణ ధ్రువపత్రం!

అప్పటికే వేట మొదలైంది. చిట్టమ్మ మొగుడు వీరన్న మూడు రోజులు సముద్రం మీద ఉండి వచ్చాడు, బోటు ఒడ్డుకి తగలగానే ఎవడో పుణ్యాత్ముడు ఈ కబురు చెవిన వేశాడు. చేపలు బోటులోనే వదిలేసి తడి బట్టలతో నడుచుకుంటూ వచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది. గేటు పక్కన గట్టు మీద కూచుని నన్ను చూసి అన్నాడు.

"బాబూ, నాను బతికుండగానే నాకు సావు కాయితం అడుగుతన్నారేటి? నానేటి సేసినాను? తాగను, కొట్టను. దానికి నా మీద ఏటి కట్టం వొచ్చిందో దాన్నే సెప్పమనండి, ఎల్లిపోతాను."

లోపల చిట్టమ్మ చేతిలో పళ్ళెం విసిరేసింది. "నానెప్పుడడిగినాను బాబూ? ఏటి రాసినారు మీరు ఆళ్ళకి? నలుగురిలో నా పరువు తీసీసినారు. నాకీ ఇన్‌ఛార్జీ వొద్దు, ఏటీ వొద్దు. రేపట్నుంచి పనికే రాను" అంది. అని, మొగుడు కూచున్న గేటు దాటలేక వెనక ఐసు లోడింగు దారిన ఇంటికి పోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోవడం లేదట. మధ్యలో వాళ్ళ కూతురు అనూరాధ అటూ ఇటూ కబుర్లు మోస్తోంది.

నా తప్పూ ఉంది. తెలిసిందే కదా అని విప్పి రాయలేదు. ఇప్పుడు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్తాను. మొగుడి పేరు నోటితో అనకూడదమ్మా! అంటే ఆయనకి ఆయుష్షు తక్కువ అంటారు. అందులోనూ వీళ్ళ మొగుళ్ళు వెళ్ళేది సముద్రం మీదికి. ఒడ్డున ఉన్న మనిషి ఆ పేరు పలుకుతుందా? ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండే పలకరు. నీ ఫోన్లో నిశ్శబ్దం అందుకు. పక్క బల్ల ఆవిడకి వీరన్న మొగుడు కాడు కాబట్టి ఆవిడ చెప్పింది. ఆవిడ ఐడీ చిట్టమ్మ చెప్తుంది. ఇందులో నీ కంపెనీకి మోసం ఎక్కడుంది?

ఇదేదో పేటవాళ్ళ సంగతి అనుకోకు. మీ అమ్మ మీ నాన్నని ఏమని పిలుస్తుందో ఎప్పుడైనా విన్నావా? నీ అత్తయ్య నారాయణమ్మ ఇప్పటికీ నన్ను "ఇదిగో" అనే పిలుస్తుంది. నాకు ఒంట్లో బాగోనప్పుడు ఆస్పత్రి చీటీ దగ్గర పేషంటు పేరు అడిగితే, నన్నే లేపి నిలబెట్టి చెప్పించింది. జ్వరంతో వణుకుతూ నా పేరు నేను చెప్పుకున్నాను. ఆవిడ సెల్లులో నా నంబరుకి పేరే లేదు, ఉత్త అంకెలే.

నోటీసు చింపేశాను. ఆ చుక్క తరవాత ఏదైనా పెట్టు, మొగుడు తప్ప. త్వరగా.

మావయ్య


కూర్మన్నపాలెం,
జూన్ 24.

మావయ్యా,

నేను తల ఎత్తుకోలేకపోతున్నాను.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. అమ్మ పప్పు తిరగమోత వేస్తోంది. "అమ్మా, నాన్న పేరేంటి?" అన్నాను. "నీకు తెలీదా?" అంది. నువ్వు చెప్పు అన్నాను. "పిచ్చిదానా, తిరగమోత మాడుతోంది, అవతలికి పో." వదల్లేదు. "మీ నాన్ననే అడుగు." లేదు, నువ్వే అనాలి. చివరికి గరిటె చూపించి "పక్కింట్లో అడుగు" అంది! దేవీప్రసాద్ అనే పేరు మా ఇంట్లో అమ్మ నోట నేను ఒక్కసారి కూడా వినలేదని ఇంత వయసొచ్చాక తెలుసుకున్నాను. స్టీల్‌ప్లాంట్‌లో నాన్నతో పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన పేరు.

కృష్ణంరాజు గారికి చెప్తే నమ్మలేదు. వాళ్ళావిడ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుందట, అదీ గట్టిగా. ఈ కాలంలో ఇలాంటివి ఉన్నాయా అని నన్నే ఎగాదిగా చూశారు. నేను కూచుని రికార్డయిన ఫోన్లన్నీ ఆయనకి వినిపించాను. ప్రతి ఆడమనిషీ తన ఐడీ దగ్గర ఆగింది, పక్కావిడది మాత్రం గడగడా చెప్పింది. అప్పుడు మెత్తబడ్డారు. చిట్టమ్మ గారి మీద రాసినవి కొట్టేయించాను. కానీ పోస్టు సంగతి జులై పదిలోపు తేలాలట. ఆవిడ పనిలోకి రావాలి, ఒక్కసారైనా తన గొంతుతో ఫోన్ చేసి తాళం తీయించుకోవాలి. లేకపోతే ఇంకెవరినో పెడతారట.

అందుకని కొత్త పద్ధతి. చుక్క తరవాత ఎవరికి నచ్చిన మాట వాళ్ళు పెట్టుకోవచ్చు. పుట్టింటి పేరో, ఊరి పేరో, పిల్లల పేర్లో, దేవుడి పేరో. నలభై మందినీ అడిగి పంపించు. నేనూ, మా ఆఫీసులో నా పక్క సీటు కార్తీకూ ఈలోగా పాతవి తీసేసే పని మొదలుపెడతాం. ఒక్కో ఐడీ మారిస్తే ఆ మనిషి షిఫ్టు, సరుకు లెక్క, మెయిలు అన్నీ మళ్ళీ ముడివెయ్యాలి. కార్తీక్ ఇప్పటికే నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాతో సరిగ్గా మాట్లాడేవాళ్ళు ప్రస్తుతం ఎవరూ లేరు.

చిట్టమ్మ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. వీరన్న గారికి కూడా. ఎలా చెప్తావో నాకు తెలీదు.

బిందు


భీమిలి,
జులై 3.

బిందూ,

ఆశీస్సులు. ఇది చదివేముందు కూచో. కార్తీక్‌ని కూడా కూచోబెట్టు.

చిట్టమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. నీ క్షమాపణ చెప్పాను. వీరన్న వల అల్లుతున్నాడు, తలెత్తలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడింది. ఇదిగో అమ్మా, ఇకమీదట ఆ పేరు ఉండదు, నీకు నచ్చిన మాట ఏదైనా పెట్టుకోవచ్చు, మీ అమ్మ పేరు పెట్టుకో, అనూరాధ పేరు పెట్టుకో అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు! ఈ గొడవంతా నేనే తెచ్చిపెట్టానన్నట్టు చూసింది.

"తీసీడమెందుకు బాబూ? ఉంచీండి."

మరి అనలేవు కదమ్మా అన్నాను.

"నోట్తో అననంతే. సేత్తో రాయడానికేటి? రోజూ పొద్దున్న రాత్తన్నాను కదా. నా పేరు కొట్టి, సుక్క పెట్టి, ఆ పేరు కొడతాను. ఇన్నేళ్ళ కాపరంలో ఆ పేరుతో ఎప్పుడన్నా పిలిసినానా? ఇప్పుడు రోజుకోపాలి... అది నాకు బాగుంతాది బాబూ. ఆ మాట ఎవులితో సెప్తాను? తీసీకండి."

బిందూ, నేను బుర్ర పట్టుకుని అరుగు మీద కూచుండిపోయాను. నోటితో అనకూడదంటే చేత్తోనూ రాయరని నాకు నేనే అనుకున్నాను. వాళ్ళని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. హెడ్డాఫీసు వాళ్ళకి ఏమీ తెలీదని ఇన్ని ఉత్తరాల్లో నీ మీద ఎగిరానా, నాకు తెలిసింది కూడా సగమే.

వీరన్న వల పక్కన పెట్టి లేచాడు. "అదేటి రాత్తాది?" అని నన్నడిగాడు. నీ పేరేనయ్యా, రోజూ పొద్దున్నే నీ పేరు కొట్టకపోతే దానికి ఆ కంప్యూటర్ తెరుచుకోదు అన్నాను. వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తరవాత పెళ్ళాం వైపు చూడకుండా, గోడతో చెప్పినట్టు అన్నాడు.

"మరా మాట ముందే సెప్పొచ్చు కదా. నాలుగు రోజులు కూడు సయించనేదు నాకు."

"నన్నడిగినావేటి?" అంది ఆవిడ. అనూరాధ లేకుండా వాళ్ళు మాట్లాడుకోవడం చాలా రోజులకి అదే మొదలట. నేను అక్కడ ఉండకూడదనిపించి వచ్చేశాను. మర్నాడు చిట్టమ్మ పనిలోకి వచ్చింది.

మిగతా వాళ్ళనీ అడిగాను. ఇద్దరు మాత్రం మార్చమన్నారు. వాళ్ళ కారణాలు నేను అడగలేదు, నువ్వూ అడగకు. మిగతా అందరిదీ ఒకటే మాట: అలాగే ఉంచెయ్యండి. నువ్వు ఇప్పటికి ఎన్ని మార్చేశావో నాకు తెలీదు. మార్చి ఉంటే నన్ను తిట్టుకో, పడతాను.

మావయ్య


కూర్మన్నపాలెం,
జులై 8.

మావయ్యా,

ఉంచమన్న ముప్పై ఎనిమిదీ కూడా మార్చేశాను. అన్నీ. నీ ఉత్తరం వచ్చే పాటికి అయిపోయింది. కార్తీక్ అది చదివి లేచి కిందికెళ్ళి టీ తాగి వచ్చి, కుర్చీలో కూచుని, "మొదటి పేరుతో మొదలుపెడదామా?" అన్నాడు. ఆ ఇద్దరివి తప్ప మళ్ళీ అన్నీ వెనక్కి మార్చాం. మీ పేటకి ఒక దణ్ణం, నీకు రెండు.

మార్చాల్సింది ఐడీలు కాదని అప్పటికి నా మట్టిబుర్రకి ఎక్కింది. ఫోన్లో మేమడిగే ప్రశ్న మార్చాలి. ఇకనుంచి ఐడీ పలకమని అడగం. ఏప్రన్ మీద ఉండే నంబరు అడుగుతాం. ఇది రాయడానికి నాకు ఒక్క లైను పట్టింది. మొదటి రోజే తట్టి ఉంటే వీరన్న గారు నాలుగు రోజులు అన్నం మానేవారు కాదు.

ఇవాళ పదకొండింటికి చిట్టమ్మ గారు ఫోన్ చేశారు. నంబరు అడిగాను. టకటకా చెప్పారు, నేను రాసుకునేలోపే. స్పీకర్లో పెట్టాను, కృష్ణంరాజు గారు విన్నారు. ఫైలు మీద సంతకం పెట్టేశారు. సోమవారం నుంచి షిఫ్టు ఆవిడదే. ఆ మాట చెప్తే "సరేనమ్మా" అన్నారంతే. పెట్టేస్తారనుకున్నాను, పెట్టలేదు.

"అమ్మా, ఆ పేరు ఉందా? తీసీనారా?"

ఉందండీ, మీరు పెట్టినట్టే ఉంది అన్నాను. ఊపిరి వదిలినట్టు వినపడింది. నేను ఈ ఆఫీసులో ఎన్నో ఐడీలు పుట్టించాను మావయ్యా, ఒక్కటైనా ఎవరికైనా ఇష్టమవుతుందని అనుకోలేదు. చాలాసేపు పని చెయ్యలేకపోయాను.

అమ్మతో ఈ సంగతి చెప్తే, "నాకూ నేర్పుతావా ఆ కొట్టడం?" అంది. పప్పు డబ్బా వైపు చూస్తూ అడిగింది.

నీ మేనకోడలు


భీమిలి,
జులై 13.

చిరంజీవి బిందుకి,

ఆశీస్సులు, ఈసారి కోపం లేకుండా. అసలు కోప్పడే ఓపిక లేదు. మోకాలి నొప్పి ఉందిరా బాబూ అంటే వినకుండా నీ అత్తయ్య సింహాచలం గిరి ప్రదక్షిణకి లాక్కెళ్ళింది. కొండ చుట్టూ తిరిగి తిరిగి ఇప్పుడు మంచం చుట్టూ కూడా తిరగలేకపోతున్నాను.

దారిలో నడవలేక చిట్టమ్మ కథ మొదలుపెట్టాను, కబుర్లలో పడితే నెమ్మదిగా నడుస్తుందని. అంతా విన్నది. "అప్పన్న కొండ కింద నడుస్తూ ఆఫీసు గొడవలేంటి" అని నాకంటే ముందు నడిచింది. సరే, మన నారాయణమ్మకి ఇవన్నీ పట్టవులే అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న కాఫీ తాగి కళ్ళజోడు కోసం వెతుకుతున్నాను. అది దొరికాక, నీ అత్తయ్య తన ఫోన్ కనపడలేదంది. దాన్ని వెతకడానికి నా దాంతో రింగిచ్చాను. మంచం మీద దిండు కింద మోగింది. దిండు తీశాను. ఎప్పుడూ ఉత్త అంకెలు వచ్చేచోట అక్షరాలున్నాయి.

"శ్రీరామ్మూర్తి గారు."

గారు కూడా కొట్టింది బిందూ. పక్కింటి పిల్లని అడిగి నేర్చుకుని ఉంటుంది. వంటింట్లోంచి "ఇదిగో, దొరికిందా?" అని కేకేసింది.

దొరకలేదన్నాను. కాసేపు అలాగే మోగనిచ్చాను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి గారు